గెడ్డ గడ్డ కాకూడదు: మావయ్య కథల ప్రాజెక్టు డైరీ

2024 నవంబరు 17

మావయ్య ట్రంకు పెట్టె ఇవాళ శ్రీకాకుళం చేరింది. సోంపేట అవతల, ఉద్దానంలో ఉన్న ఆ పెంకుటింటి నుంచి మా ఇంటికి వంద కిలోమీటర్ల పైమాటే. కారు గతుకులో పడినప్పుడల్లా అత్తయ్య వెనక్కి తిరిగి పెట్టె మీద చెయ్యి వేసేది. పెట్టె దింపాక తాళంచెవి నా చేతిలో పెట్టి, "ఇందులో ఏదీ పారెయ్యకు, చివరికి బస్సు టికెట్టు కూడా" అంది. మాట ఇచ్చాను.

మావయ్య 2016లో పోయారు. జీవితమంతా బడిపంతులుగా పనిచేస్తూ రాత్రిళ్లు కథలు రాసుకున్నారు. జీడి తోటల కాపలాదారులు, నీరు చేరే పల్లపు బీలలో చేపలు పట్టేవాళ్లు, భిలాయి, ఖరగ్‌పూర్ వలసపోయి సెలవులకు తిరిగొచ్చేవాళ్లు ఆయన మనుషులు. వచ్చింది ఒకే ఒక సంపుటి, 2003లో, 14 కథలతో. ఆ పుస్తకం కాపీలు ఇంట్లో మూడే మిగిలాయి. ఫోనులో ఆయన పేరు కొట్టి వెతికితే ఒక్క వాక్యం కూడా దొరకదు. నేను గ్రంథాలయంలో పనిచేస్తాను. రోజూ పదిమందికి పుస్తకాలు వెతికి ఇస్తాను. మా ఇంటి రచయితను మాత్రం ఎవరికీ వెతికి ఇవ్వలేని స్థితి. ఆ బాధే ఈ పనికి మొదలు.

ఈ డైరీలో ఆయన పేరు రాయను. వారసులందరి సంతకాలూ అయ్యేవరకు పేరు, కథలు బయట పెట్టకూడదని నియమం పెట్టుకున్నాను. పని ఎలా జరిగిందో మాత్రం ఉన్నదున్నట్టు రాస్తాను. ఇలాంటి ట్రంకు పెట్టెలు ఈ జిల్లాలో ఇంకా చాలా ఇళ్లలో ఉన్నాయి. వాటిని తెరవబోయే వాళ్లకు పనికొస్తుంది.

నవంబరు 24

పెట్టె తెరిచి జాబితా రాయడానికే రెండు ఆదివారాలు పట్టింది. రాత పుస్తకాలు 23. పత్రికల నుంచి కత్తిరించిన కథలు ఒక అట్టపెట్టెడు. ఉత్తరాలు రెండు కట్టలు, దాదాపు 180. క్యాసెట్లు 6. సంపుటి కాపీలు 3. ఒక సీడీ. భారతి, యువ, జ్యోతి పాత సంచికలు కొన్ని. అన్నిటికంటే విలువైనది చిన్న సైజు నోటుబుక్కు ఒకటి: మొదటి పేజీలో "అచ్చయినవి" అని రాసి, కథ పేరు, పత్రిక, నెల, సంవత్సరం వరసగా వేసుకున్నారు. మొత్తం 41. ఇంత క్రమశిక్షణ ఉన్న మనిషి తన గురించి ఎవరికీ ఎందుకు చెప్పుకోలేదో నాకు అర్థం కాదు.

నోటుబుక్కుల్లో తొమ్మిదింటికి నీళ్ల మరకలు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగిన రోజు అది. ఇంటి పెంకులు ఎగిరిపోతుంటే అత్తయ్య ముందు బియ్యం డబ్బా కాదు, ఈ పెట్టెను మంచం కిందికి నెట్టింది. అయినా అడుగు నుంచి నీరు చేరింది. తర్వాత వారం రోజులు కరెంటు లేదు, తాగడానికి నీళ్లు లేవు; ఆ రోజుల్లోనే ఆమె ఒక్కో నోటుబుక్కునూ మంచాల మీద విప్పి ఆరబెట్టింది. ఇవాళ మన చేతికి ఇన్ని పేజీలు వచ్చాయంటే ఆ వారం పుణ్యమే.

తడిసిన పేజీల్లో ఒక సంగతి గమనించాను. బాల్‌పెన్నుతో రాసినవి దాదాపు చెక్కుచెదరలేదు. కలం సిరాతో రాసినవి పల్చబడి నీలిమేఘాలయ్యాయి. అరవైలు, డెబ్బైల నాటి రాతంతా కలం రాతే.

డిసెంబరు 8

స్కానింగ్ మొదలైంది. ముందుగా శుభ్రం చెయ్యడం. తుప్పుపట్టిన గుండుసూదులను లాగకూడదు; లాగితే కాగితం కూడా వెంట వస్తుంది. కాగితాన్ని బల్ల మీద పరిచి, సూది కింద పలుచని ప్లాస్టిక్ ముక్క దూర్చి, సూదిని వేలితో కదలకుండా పట్టుకుని కాగితాన్నే మెల్లగా జరపాలి. సెల్లోటేపు అతికించిన చోట గోధుమరంగు మరక శాశ్వతం. దాన్ని పీకే ప్రయత్నం చెయ్యలేదు. పురుగు కొరికిన పేజీలను మెత్తని కుంచెతో లోపలి నుంచి బయటికి తుడిచాను. ఒకదానికొకటి అతుక్కున్న పేజీలు 14 ఉన్నాయి. పలుచని వెదురు బద్దతో ఎనిమిది విడివడ్డాయి. మిగతా ఆరింటిని అలాగే వదిలేశాను. తొందరపడి చింపితే ఉన్నది కూడా పోతుంది. రేపు ఎవరో ఇంతకంటే చేతనైనవాళ్లు రావచ్చు.

అంగుళానికి 300 చుక్కలు, రంగుల్లో, నాణ్యత తగ్గని టిఫ్ రకం ఫైలుగా స్కాన్ చేస్తున్నాను. నలుపు తెలుపులో చేస్తే ఫైలు చిన్నదవుతుంది కాని, నీటిమరకకూ సిరాకూ తేడా పోతుంది. రంగుల్లో ఉంటేనే పల్చబడ్డ నీలి అక్షరాన్ని తర్వాత కంప్యూటర్ మీద ముదురు చేసి చదవగలం. ఏ4 కాగితం ఒక్కటి ఇలా స్కాన్ చేస్తే 26 ఎంబీ. మన నోటుబుక్కు పేజీ అందులో సగం. రాసి ఉన్న పేజీలు 1,140. అంటే అన్నీ కలిపి 15 జీబీ. ఇవాళ్టి రోజుల్లో అది పెద్ద బరువేమీ కాదు. చవక కోసం నాణ్యత తగ్గించుకోనక్కర్లేదు.

ప్రతి ఫైలుకూ పుస్తకం సంఖ్య, పేజీ సంఖ్య పేరుగా పెట్టాను: 03-041 అంటే మూడో నోటుబుక్కు, 41వ పేజీ. ఖాళీ పేజీలను కూడా స్కాన్ చేశాను. మధ్యలో ఒక నంబరు లేకపోతే పేజీ పోయిందా, లేక ఖాళీయా అన్న అనుమానం రేపు చదివేవాళ్లకు రాకూడదు.

ఏడో నోటుబుక్కు 22వ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఒకే మాటను మూడుసార్లు కొట్టేశారు. మొదట "ఏడ్చింది" అని రాసి కొట్టేశారు. పైన "కళ్లు తుడుచుకుంది" అని రాసి అదీ కొట్టేశారు. పక్కన మార్జిన్‌లో "కొంగు దులుపుకుంది" అని రాసి, మళ్లీ అడ్డంగా గీత. చివరికి ఆ వాక్యమే లేదు. అచ్చయిన కథలో ఆవిడ లేచి దాకలో నీళ్లు పోస్తుంది, అంతే. రాయడం అంటే ఏమిటో నేను నలభై ఏళ్లు పుస్తకాల మధ్య ఉండి నేర్చుకోనిది ఈ ఒక్క పేజీ నేర్పింది. అందుకే రాతప్రతి బొమ్మ కూడా పాఠకుడికి దొరకాలి. టైపు చేసిన పాఠంలో ఈ మూడు గీతలు కనబడవు.

డిసెంబరు 22

"అచ్చయినవి" జాబితాలో 41 ఉంటే, కత్తిరింపులుగా దొరికినవి 33. మిగతా ఎనిమిదింటి కోసం, తెలుగు కథలను పోగుచేసి భద్రపరిచే కథానిలయం మెట్లెక్కాను. కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న మన ఊళ్లో తెరిచిన ఆ ఇల్లు లేకపోతే ఉత్తరాంధ్రలోనే కాదు, మొత్తం తెలుగులో ఎంతమంది కథకులు పేరు కూడా మిగలకుండా పోయేవారో! లావేరు మండలం మురపాకలో 1924లో పుట్టిన ఆయన, 'యజ్ఞం' లాంటి కథ రాసి కూడా, చివరి పాతికేళ్లు ఇతరుల కథలు పోగుచెయ్యడానికి వెచ్చించారు. 2021 జూన్‌లో పోయేదాకా ఆయన ధ్యాస అదే. తన కథకన్నా ఎదుటివాడి కథ భద్రంగా ఉండాలన్న తపన ఎంతమంది రచయితలకు ఉంటుంది?

ఇలా వెతికే వాళ్లకు ఒక్క సలహా. పత్రిక పేరు, నెల, సంవత్సరం మూడూ చేతిలో ఉంచుకుని వెళ్లండి. "మా తాతగారి కథ ఏదో వచ్చిందట" అంటే పని జరగదు. అలాగే రచయిత పేరు ఎన్ని రకాలుగా అచ్చయి ఉంటుందో ముందే రాసుకోండి: ఇంటిపేరు పూర్తిగా, పొడి అక్షరాలతో, కలం పేరుతో. మావయ్యకు రెండు కలం పేర్లున్నాయని ఉత్తరాల వల్లే తెలిసింది. ఎనిమిదిలో అయిదు దొరికాయి. ఇంకా మూడు బాకీ.

2025 జనవరి 14

సంక్రాంతి. భిలాయి నుంచి పెద్ద బావ, విజయనగరం నుంచి వదిన, హైదరాబాదు నుంచి చిన్న బావ, అందరూ అత్తయ్య దగ్గరికి చేరారు. ఈ పండక్కి నేను కాగితాలతో వెళ్లాను.

స్కానింగ్‌కన్నా ఇదే కష్టమైన పని. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. మొదట రచయిత పోయాక 50 ఏళ్లు హక్కు ఉండేది. 1992లో దాన్ని 60 చేశారు. పోయిన మరుసటి ఏడాది మొదటి రోజు నుంచి లెక్క. అంటే మావయ్య రచనల మీద హక్కు 2076 చివరిదాకా ఉంటుంది. గురజాడ 1915లో పోయారు కాబట్టి ఆయన రచనలు ఎప్పుడో అందరివీ అయిపోయాయి. కథకుడు చాసో 1994లో పోయారు, ఆయన రచనల మీద హక్కు 2054 దాకా వారసులదే. పాత పుస్తకం కదా, పెట్టేస్తే ఏమవుతుందిలే అనుకునే వాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

ఆ హక్కు ఇంట్లో ఒక్కరిది కాదు. వీలునామా లేదు కాబట్టి అత్తయ్య, ముగ్గురు పిల్లలు, నలుగురూ సంతకం పెట్టాలి. నేను మేనకోడల్ని, ఎంత ప్రేమ ఉన్నా నాకు ఏ హక్కూ లేదు. ఈ మాట వాళ్లకు నేనే ముందుగా చెప్పాను. పత్రికలకు గాని, సంపుటి వేసినవాళ్లకు గాని మావయ్య హక్కులు రాసిచ్చిన కాగితం ఒక్కటీ పెట్టెలో లేదు. హక్కు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా ఉండాలి. కాబట్టి హక్కు ఇంట్లోనే ఉంది.

పెద్ద బావ వెంటనే ఒప్పుకున్నాడు. చిన్న బావ అడిగిన ప్రశ్న న్యాయమైనది: "ఎవడో అచ్చేసుకుని అమ్ముకుంటే?" రచనను అందరూ వాడుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో మేం ఎంచుకున్నది ఏమిటో ఒక్కో షరతూ చదివి చెప్పాను. రచయిత పేరు తప్పక చెప్పాలి, మార్పులు చేస్తే చేశామని చెప్పాలి, తిరిగి అదే లైసెన్సుతో పంచాలి. కాని అవును, అమ్ముకోవచ్చు. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేం. దాచిపెట్టి సంతకం చేయించుకుంటే అది మావయ్యకు ద్రోహం అవుతుంది. రాత్రి పొద్దుపోయే దాకా మాట్లాడుకుని ఒక దారికి వచ్చాం. సంపుటిలోని 14 కథలను స్వేచ్ఛా లైసెన్సుతో ఇస్తాం. మిగతా 27 కథలు మా సైటులో చదువుకోవడానికి ఉంటాయి, హక్కులు ఇంటివే. అచ్చుకాని రాతలు, డైరీలు ఇప్పట్లో బయటికి రావు.

వదిన సంతకం పెట్టలేదు. ఒక కథ ఉంది. పెళ్లి చూపుల్లో పెళ్లికొడుకు తరఫువాళ్లు పిల్లను నడిపించి చూస్తారు. ఆ పిల్ల వదినే అని ఊరందరికీ తెలుసట. "నాన్న నన్ను అడగకుండా రాశారు" అంది, అంతకంటే ఏమీ అనలేదు. ఆమె గొంతులో కోపం లేదు. ముప్పై ఏళ్లు మోసిన బరువు ఉంది. ఆమెను ఒప్పించే ప్రయత్నం చేయలేదు. అది గొప్ప కథ కావచ్చు, కాని బతికున్న మనిషి ముందు.

ఫిబ్రవరి 9

సంపుటి తాలూకు సీడీ తెరుచుకుంది. 2003లో డీటీపీ చేసిన, అంటే అచ్చు కోసం కంప్యూటర్‌లో పేజీలు కూర్చిన, ఫైళ్లు అందులో ఉన్నాయి. పేజ్‌మేకర్ ఫైళ్లు. అక్షరాల స్థానంలో ఇంగ్లీషు గుర్తులు, చిహ్నాలు, చుక్కలు. ఇది ఆ తరం డీటీపీ పుస్తకాలన్నిటికీ ఉన్న జబ్బు. అప్పటి తెలుగు ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర సంకేతాలను వాడేవి కావు. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటున్నా, అచ్చు ప్రపంచం చాలాకాలం సొంత ఫాంట్లతోనే నడిచింది. వాటిలో తలకట్టు, గుడి, ఒత్తు వేటికవి విడి ముక్కలు. ఆ ఫాంటు ఉంటేనే అవి అక్షరాలుగా కనబడతాయి. లేకపోతే గజిబిజి. వెతుకులాటకూ అందవు.

మార్పిడి ప్రోగ్రాములు ఉన్నాయి. వాటితో 12 కథలు ఒక గంటలో యూనికోడ్‌లోకి వచ్చాయి. తప్పులు మాత్రం మిగిలాయి. ఒత్తులు పక్క అక్షరానికి పోవడం, "ఘ" మాయమవడం, దీర్ఘం తగ్గడం. మిగతా రెండు కథలున్న ఫైలు అసలు చదవబడలేదు. సీడీ మీద పొర లేచిపోయింది. సీడీల్లో ఉన్న దేన్నైనా ఈ ఏడాదే కాపీ చేసుకోండి. కాగితం తుపానును తట్టుకుంది, సీడీ పెట్టెలో ఉండగానే పాడైపోయింది.

మార్చి 2

పత్రికల కథలను ఓసీఆర్‌కు, అంటే పేజీ బొమ్మను చదివి టైపు అక్షరాలుగా మార్చే ప్రోగ్రాముకు, ఇచ్చాను. అచ్చు పేజీలు బాగానే వస్తున్నాయి, చేతిరాత అసలు రావడం లేదు. అది చేత్తో టైపు చేసుకోవలసిందే.

ఓసీఆర్‌తో అసలు ప్రమాదం తప్పుగా కనబడే తప్పుతో కాదు, ఒప్పుగా కనబడే తప్పుతో. తెలుగులో ప, వ అక్షరాలకు తేడా చాలా చిన్నది. పాత లెటర్‌ప్రెస్ అచ్చులో అది సరిగా పడకపోతే "పంట చేతికొచ్చింది" కాస్తా "వంట చేతికొచ్చింది" అవుతుంది. రెండూ తెలుగే. ఏ స్పెల్లింగు పరీక్షా దాన్ని పట్టుకోదు. మ, య, ధ, థ కూడా ఇంతే. అందుకని రెండు కళ్ల పద్ధతి పెట్టాను: ఒకరు పాత పేజీ బయటికి చదవాలి, మరొకరు తెర మీద అనుసరించాలి. అత్తయ్య చదువుతానంది. ఆమెకు కళ్లజోడు మార్చాం.

మార్చి 23

ఇవాళ జరిగింది వివరంగా రాయాలి, ఈ పని మొత్తంలో ఇదే కీలకం.

మా మేనల్లుడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. సెలవుల్లో నాలుగు కథలు టైపు చేశాడు, శ్రద్ధగానే చేశాడు. అత్తయ్య చదువుతూ చదువుతూ ఒక చోట ఆగింది. పేజీలో "గెడ్డ దాటి వచ్చింది" అని ఉంది. తెర మీద "గడ్డ దాటి వచ్చింది". ఫైలంతా వెతికాను. పదకొండు చోట్ల "గెడ్డ" ఉండాల్సింది "గడ్డ" అయింది. "అత్తా, అచ్చుతప్పు అనుకున్నాను. అన్నిటినీ ఒక్కసారి మార్చేశాను" అన్నాడు. వాడిది నిజాయితీ. వాడు విశాఖలో పెరిగాడు, మేఘాద్రిగెడ్డ నీళ్లే తాగాడు, అయినా ఆ పేరులోని గెడ్డ ఒక మాట అని వాడికి ఎవరూ చెప్పలేదు. మనవైపు కొండల నుంచి దిగి వచ్చే వాగు గెడ్డ. వట్టిగెడ్డ, పెద్దగెడ్డ అన్న పేర్లలో ఇంకా పారుతోంది. గడ్డ అంటే ఒడ్డు, నేల. కథలో ఆ పిల్ల వాన నీటిలో గెడ్డ దాటి బడికి వస్తుంది. గడ్డ దాటితే కథే లేదు.

ఆ సాయంత్రం మిగతా ఫైళ్లు కూడా తీశాను. "బుగత" (భూస్వామి) ఒకచోట "భగత" అయింది. "గుంటడు" (కుర్రాడు) దగ్గర ఫోను కీబోర్డు "గుండు" అని సూచించిందట. "చోడి" (రాగి) రెండు చోట్ల "జోడి". ఒక్కో మాటా ఒక్కో మనిషిలా చేతిలోంచి జారిపోయింది.

జనం నోటి మాటకు రాతలో గౌరవం కావాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి ఈ జిల్లా పర్వతాలపేటలోనే పుట్టారు. ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం, దండలు వేస్తాం. ఆ దండ ఎంత వేసినా, ఆయన ఊరి మాటను మన కంప్యూటర్ తప్పు అని ఎర్రగీత పెడుతుంటే ఊరుకుంటే ఎలా? మావయ్య కథను ఇంటర్నెట్‌లో పెట్టి, అందులోంచి ఆయన మాటలే తీసేస్తే, పెట్టింది ఎవరి కథ?

నియమాలు రాసి గోడకు అంటించాను. అచ్చులో ఉన్నది ఉన్నట్టే టైపు చెయ్యాలి. అరసున్న ఉంటే అరసున్న, బండి ఱ ఉంటే బండి ఱ. రెండింటికీ యూనికోడ్‌లో చోటుంది. తప్పు అనిపిస్తే మార్చకూడదు, పక్కన గుర్తు పెట్టాలి. ఒకేసారి అన్ని చోట్లా మార్చే మీట ఎవరూ నొక్కకూడదు. మేనల్లుడే నాలుగు ఫైళ్లూ మళ్లీ పేజీ పేజీ సరిచూశాడు. ఇప్పుడు మాకంటే వాడికే ఎక్కువ పట్టింపు.

ఏప్రిల్ 20

ఇంకో చిక్కు. ఒక కథ రాతప్రతిలో ముసలామె మనవడికి "చోడి అంబలి" పోస్తుంది. అచ్చయిన పత్రికలో "రాగి జావ" అని ఉంది. 2003 సంపుటిలోనూ "రాగి జావ"నే. చోడి అన్నా రాగి అన్నా ఒకటే ధాన్యం కావచ్చు. ఆ ముసలామె నోట రాగి జావ అన్న మాట రాదు. మార్చింది సంపాదకుడా, మావయ్యే ఒప్పుకున్నారా?

కన్యాశుల్కం గుర్తుకొచ్చింది. గురజాడ 1897లో అచ్చువేయించిన నాటకం వేరు, 1909లో తిరగరాసిన నాటకం వేరు. రెండూ ఆయనవే కాబట్టి రెండింటినీ కాపాడుకున్నాం, పోల్చి చదువుకుంటున్నాం. మావయ్య విషయంలో మార్పు ఎవరిదో ఉత్తరాల్లో వెతికాను. కథ అచ్చయిన సంవత్సరం నాటి ఒక పోస్టుకార్డు దొరికింది. సంపాదకుడు రాసింది: మాండలికం పాఠకులకు అర్థం కాదు కాబట్టి కొన్ని మాటలు మార్చుకున్నామని. మావయ్య దాని మీద పెన్సిల్‌తో ఒక గీత మాత్రం గీసుకున్నారు.

అత్తయ్యను అడిగాను. "అప్పుడు ఏమీ అనలేదు. కాని ఆ తర్వాత ఆ పత్రికకు ఇంకేమీ పంపలేదు" అంది. నోటుబుక్కు జాబితా చూశాను. నిజమే, ఆ పేరు మళ్లీ లేదు.

నిర్ణయం: ముఖ్య పాఠంగా అచ్చయినదే ఉంచుతున్నాం, ఎందుకంటే లోకం చదివింది అదే, ఆయన సంపుటిలో ఉంచుకున్నదీ అదే. దాని పక్కనే రాతప్రతి పాఠం, పేజీ బొమ్మతో సహా. రెండూ ఒకే కిటికీలో కనబడాలి, ఒకటి దాచి ఒకటి చూపించడం ఉండకూడదు. మేనల్లుడు అచ్చులోని మాటను వదిలేసి చోడి అంబలినే పైకి తేవాలన్నాడు. నా మనసూ అటే లాగింది. కాని మనసుకు నచ్చినట్టు దిద్దడం మొదలుపెడితే ఆ సంపాదకుడికీ మాకూ తేడా ఉండదు.

ఆ పోస్టుకార్డు బొమ్మ పెట్టడం లేదు. ఉత్తరం కాగితం మనదే, అందులోని రాత మీద హక్కు రాసినవారిది. మావయ్యకు వచ్చిన 180 ఉత్తరాలకూ ఇదే వర్తిస్తుంది. ఆయన ఇతరులకు రాసినవి దొరికితే వాటి సంగతి వేరు.

మే 11

క్యాసెట్లు. ఆరింటిలో నాలుగు ఇంట్లో రికార్డు చేసుకున్నవి, రెండు రేడియో ప్రసంగాలు. టేపును ప్లేయరులోని చదివే తలకు నొక్కి పట్టే చిన్న స్పాంజి మెత్త రెండింటిలో ఊడిపోయింది. పాడైన వేరే క్యాసెట్ నుంచి మెత్త తీసి పెట్టాం. టేపుల్లోని మాటలను నాణ్యత తగ్గని డబ్ల్యూఏవీ రకం ఫైలుగా భద్రపరిచాం. రేడియో ప్రసంగాల రికార్డింగు హక్కు ప్రసారం చేసినవారిది, కాబట్టి అవి ఇంట్లోనే ఉంటాయి.

జూన్ 8

ఎక్కడ పెట్టాలి, ఎంతకాలం ఉంటుంది అన్నదే మిగిలిన ప్రశ్న. సొంత సైటు పెట్టడం తేలిక. ఏటా డబ్బు కట్టడం ఎవరు మరిచిపోయినా అంతటితో సరి. మా తర్వాత ఎవరు కడతారు? అందుకే సైటును చదువుకునే అరుగులాగే చూస్తున్నాం, గాదెలాగ కాదు. సాదా పేజీలు, బరువైన హంగులు లేవు. ఉద్దానంలో సిగ్నలు సరిగా లేని ఊళ్లో పాత ఫోనులో కూడా తెరుచుకోవాలి.

గాదె రెండు చోట్ల. సంపుటి స్కాను, పుస్తకాలు భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్ సైటులో పెట్టాం. అదే సంపుటి, ఎవరైనా వచ్చి టైపు చేసి దిద్దగల ఉచిత గ్రంథాలయం తెలుగు వికీసోర్సులోకి పేజీలుగా వెళుతోంది. అక్కడి పద్ధతి నాకు ఎంతో నచ్చింది. ఎడమన టైపు, కుడిన పాత పేజీ బొమ్మ. దిద్దని పేజీ ఎరుపు, ఒకరు దిద్దితే పసుపు, రెండోవారు సరిచూస్తే ఆకుపచ్చ. మా ఇంట్లో పెట్టుకున్న రెండు కళ్ల పద్ధతే అది. 126 పేజీల్లో ఇవాళ్టికి పసుపు 88, ఆకుపచ్చ 31. ఆకుపచ్చ చేసినవాళ్లలో మేం ఎన్నడూ చూడని మనుషులున్నారు. ఒకరు "గెడ్డ" దగ్గర ఏమీ మార్చలేదు. ఆ పేజీ చరిత్ర తీసి రెండుసార్లు చూశాను.

అసలు స్కానులు మూడు కాపీలు: నా దగ్గర ఒక డిస్కు, భిలాయిలో పెద్ద బావ దగ్గర ఒకటి, ఇంకొకటి క్లౌడులో. ఏ తుపానుకూ మూడింటినీ ఒకేసారి ముంచే వీలుండదు. ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ తీసి పెట్టాం. అది ఫైలు వేలిముద్ర లాంటిది. ఒక్క చుక్క మారినా వేలిముద్ర మారిపోతుంది. ఆరు నెలలకోసారి మూడు చోట్లా సరిపోల్చుకుంటే ఏ కాపీ పాడైందో వెంటనే తెలుస్తుంది.

ఇవన్నీ బయట పెట్టకముందే వదిన ఫోన్ చేసింది. నలభై కథలకు సంతకం పెట్టింది. ఆ ఒక్క కథ కాకుండా. జాబితాలో దాని సంఖ్య అలాగే ఉంచి, ఎదుట "కుటుంబం కోరిక మేరకు ప్రస్తుతానికి లేదు" అని రాశాను. ఉన్న కథను లేదని చెప్పలేం.

జులై 6

మాటల పట్టిక మొదలుపెట్టాం. కథల్లోని ఉత్తరాంధ్ర మాటలకు అర్థాలు. ఒక్కో మాట మీద నొక్కితే తెరుచుకోవాలి. వెతికేవాళ్లు "గడ్డ" అని కొట్టినా "గెడ్డ" ఉన్న కథ దొరికేలా మేనల్లుడు ఏర్పాటు చేశాడు. పాఠంలో మాట మారదు, వెతుకులాటలో మాత్రం రెండు దారులూ తెరిచి ఉంటాయి.

నేను రాసిన అర్థాలను అత్తయ్యకు చదివి వినిపించాను. "బీల: చిత్తడి నేల" అన్న చోట ఆమె తల అడ్డంగా ఊపింది. "అంతేనా? అలా రాస్తే ఎవరైనా అది పనికిరాని నేల అనుకుంటారు" అంది. 2010లో సోంపేటలో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని జనం రోడ్డెక్కింది ఈ బీల కోసమే. పనికిరాని నేల అని కాగితాల మీద రాసినవాళ్లతోనే వాళ్ల తగవు. నా రెండు మాటల అర్థం తెలియకుండానే వాళ్ల పక్కన చేరింది. కొట్టేశాను. అత్తయ్య చెబుతుంటే మళ్లీ రాసుకున్నాను, మావయ్య ఏడో నోటుబుక్కు 22వ పేజీలోలా మూడుసార్లు దిద్ది:

"బీల: చుట్టూ ఉన్న నేల నుంచి నీరు వచ్చి చేరే పల్లపు భూమి. వానాకాలం చెరువులా ఉంటుంది. వేసవిలోనూ తేమ పోదు. చేపలు పట్టేవారికి చేపలు, పశువులకు మేత, పక్క వరిచేలకు నీరు దీని నుంచే. మా వైపు ఆడపిల్లను ఇచ్చేటప్పుడు ఆ ఊరికి బీల ఉందా అని అడిగేవారు."

చివరి వాక్యం అత్తయ్యది. ఆమె పేరుతోనే ఉంచాను.